గుండెకు మంచిదన్న గోలీ

కోరుట్ల
12 మార్చి 2001

చిన్నమ్మకు,

నేను సుమతిని. ఫోన్ చేస్తే చిన్నాయన ఎత్తుతడు, నీకిచ్చినంక సుత పక్కనే కూసుంటడు. మనం మాట్లాడుకోవాల్సిన ముచ్చట ఆయన ముంగట అయ్యేది కాదు. అందుకే రాస్తున్న.

జగిత్యాల పెండ్లిల నిన్ను చూసినప్పటి నుంచి నాకు మనసున పడ్తలేదు. అందరు తలంబ్రాల కాడ ఉంటే నువ్వు వెనుక గోడకు ఒరిగి కొంగుతోని ఇసురుకుంటున్నవు. జాకెట్ మొత్తం తడిసింది. రాత్రిళ్లు నిద్ర లేదన్నవు. లోపలి అర్రల నిన్ను పరీక్ష చేసిన కద, బీపీ మంచిగనే ఉన్నది, వేరే ఏ తక్లీఫ్ కనబడలే. ఇది ముట్లుడిగినంక వచ్చే మంటనే.

చిన్నమ్మా, ఆడోళ్ల ఒంట్ల హార్మోన్ అని ఒకటి తయారైతది. ముట్లుడిగినంక అది తగ్గిపోతది. అది ఉన్నన్ని దినాలు మన గుండెను అదే కాపాడుతదని, తగ్గినంకనే ఆడోళ్లకు గుండెపోట్లు మొదలైతయని మాకు చదువుల చెప్పిండ్రు. మా అమ్మకు అయింది గదే. బీర్పూర్ల అమ్మ ఛాతి పట్టుకొని కూలబడ్డనాడు బంద్ ఉండె. బండ్లు నడువలే. ఇరవై మైళ్ల దూరంల నేను డాక్టర్నయ్యి ఉండి, మరునాడు పీనుగ మీద పడి ఏడ్చిన. నీకు గట్ల కానియ్య.

ఈ గోలీలు ఆ హార్మోన్‌ను బయటినుంచి ఇస్తయి. మంటలు తగ్గుతయి, ఎముకలు గట్టిగుంటయి, అన్నిటికన్న గుండెకు మంచిది. ఎట్ల వేసుకోవాల్నో చీటి పెట్టిన. నెలకోపారి కొద్దిగ ముట్టు కనబడొచ్చు, బుగులు పడకు.

మందుల పొట్లం పట్టుకొని ఎవరన్న బస్సెక్కితే చాలు, అడవిలకేనా అని పోలీసోళ్లు అడుగుతున్నరు. మాటిమాటికి పంపలేను. అందుకే మా కంపౌండర్ దేవదాస్ తోని ఆరు నెలలయి ఒక్కసారే పంపుతున్న.

మర్చిపోకుండ వేసుకో. నీ మాట రాయి.

నీ సుమతి


సిరిసిల్ల
9 ఏప్రిల్ 2001

బిడ్డా సుమతీ, సల్లగుండు.

గోలీలు ముట్టినయి. పాపం నీ దేవదాస్‌ను వేములవాడ కాడ దింపి సంచి ఇప్పిచ్చిండ్రట. ఇవి ఎవలకు అంటే ముసలి ఆడోళ్లకు అని చెప్పిండట. నమ్మక ఠాణాల కూసోవెట్టి, ఆఖరికి ఒక డాక్టర్‌ను పిలిచి చూపిచ్చి ఇడిసిపెట్టిండ్రట. ఇంటికొచ్చి రెండు చెంబుల నీళ్లు తాగిండు. ముసలి ఆడోళ్లు అన్నదానికి నాకు జర కోపమొచ్చింది గని అన్నం పెట్టి తోలిన.

వేసుకునుడు మొదలువెట్టిన. మంట తగ్గినట్టే ఉన్నది.

మీ చిన్నాయనకు ముస్తాబాద్ కాడి మన ఊరి మీదనే పానం. భూములల్ల అన్నలు ఎర్రజెండాలు పాతి ఏండ్లాయె, దున్నేటోడు లేడు, అయినా పొద్దుగాల లేస్తే వానల ముచ్చటనే. ఈ సాలోళ్ల వాడల ఇల్లు కొన్నప్పుడు బట్ట నేసే సాంచల మోతకు నాకు నెత్తి పలిగేది. ఇప్పుడు మోత ఆగితేనే మెలకువొస్తది. పక్కింటి లసుమవ్వ లేకపోతే నాకు దినం గడువదు. వాళ్ల పెనిమిటి పరశురాములు సాంచలు నడుపుతడు, ఆమె దారం కండెలు చుడుతది, తీరితే బీడీలు చేస్తది. నా ఈడుదే. దొరసాని అని పిలువుడు మానవే అంటే మానది.

నా గుండె ఫికరు నువ్వు చెయ్యకు. నువ్వు యాళ్లకు తిను.

ఇట్లు మీ చిన్నమ్మ నర్మద


కోరుట్ల
20 సెప్టెంబర్ 2001

చిన్నమ్మా,

నీ ఉత్తరం మళ్లా రాలే. దేవదాస్ తోని ఇంకో ఆరు నెలలయి పంపుతున్న. ముట్టు ఎక్కువ అయితుందా? రొమ్ముల గడ్డ లెక్క ఏమన్న తగులుతుందా? కాలు వాపు? వీటికి జవాబు తప్పక రాయి.

నేనే వచ్చి చూడాలె. రాలేకపోతున్న. పోయిన నెల ఇక్కడి డాక్టర్లందరిని ఠాణాకు పిలిచి, ఎవరికి కట్లు కట్టిండ్రు, ఎవరికి మందులిచ్చిండ్రు అని పొద్దంత అడిగిండ్రు. అటు దిక్కు నుంచి కూడా మనుషులు వస్తరు, మందులియ్యమని. ఇస్తే ఒక తంటా, ఇయ్యకపోతే ఇంకో తంటా. మీ అల్లుడు మదన్ మోహన్ రావు నన్ను ఊరు దాటనిస్తలేడు.

నీకు బీపీ చూసి ఆరు నెలలు దాటింది. సిరిసిల్లల ఎవరితోనన్న చూపిచ్చుకో.

సుమతి


సిరిసిల్ల
2 నవంబర్ 2001

బిడ్డా,

గోలీలు అందినయి. దేవదాస్‌ను ఈసారి ఎవలు ఆపలేదట.

నీ గోలీల మహిమ ఏం చెప్పాలె. అవసరమున్న మనిషికి మంచిగ అందుతున్నయి. దడ లేదు, చెమట లేదు, కమ్మగ నిద్ర. నిన్ను దినాం తలుసుకునుడే. ఇంకిన్ని ఎక్కువ పంపినా నష్టం లేదు.

నేను కొండగట్టుకు పోయి అంజన్న దర్శనం చేసుకొని వచ్చిన. మూడు శనివారాలు పోదామని మొక్కుకున్న, ఏ అడ్డం లేకుంట మూడూ అయినయి. నీ పేరుతోని కొబ్బరికాయ కొట్టిన. జగిత్యాల దిక్కు చూసుకుంట, ఇంకో బస్సెక్కితే మా సుమతి కాడ ఉంటుంటి కద అనుకున్న. మీ చిన్నాయన ఒక్కడే ఇంట్ల ఉన్నడని తిరిగొచ్చిన.

చిన్నమ్మ


కోరుట్ల
16 నవంబర్ 2001

చిన్నమ్మా,

నీ ఉత్తరం నాకంటే ముందు మీ అల్లుని చేతుల పడ్డది. చదివి, నాకు చూపిచ్చి, పొయ్యిల పెట్టిండు.

అవసరమున్న మనిషి ఎవరు? ఇంకిన్ని ఎవరికి? ఉత్తరాలు విప్పి చూస్తున్న దినాలివి, నీకు తెల్వదా? ఎవరన్న వచ్చి అడిగిండ్రా? భయపెట్టిండ్రా? మీరు ఊరిడిచి వచ్చినోళ్లు, చిన్నాయన మీద పాత కోపాలు ఉంటయి, వాళ్లను మంచి చేసుకునేతందుకు నా మందులు ఇస్తున్నవా? గట్ల అయితే నా దవాఖాన మూతపడుతది, నేను జైల్ల ఉంట.

ఆ గోలీలు నా దగ్గరి నుంచి వచ్చినయని ఎవ్వలకు చెప్పకు. నువ్వు వేసుకుంటున్నవా లేదా, గదొక్కటి సక్కగ రాయి.

సుమతి


సిరిసిల్ల
5 డిసెంబర్ 2001

సుమతికి,

నీ ఉత్తరం చదివి రెండు దినాలు నాకు ముద్ద దిగలే. ఎత్తుకొని పెంచిన పిల్ల నన్ను దొంగను చేసింది.

అన్నల బుగులుకే కద మేము ఇల్లు, వాకిలి ఇడిసి ఈ సందుల పడ్డది. వాళ్లకు గోలీలు ఇస్తనా? అవి గూడ ముట్లుడిగినోళ్ల గోలీలు? మాటవరుసకు రాసిన, అవసరమున్న మనిషి అని. ఆ మనిషిని నేనే. నేనే వేసుకుంటున్న. సరేనా?

ఎవ్వలకు చెప్పద్దన్నవు, చెప్ప. ఇంట్ల గాలికి సుత చెప్ప.

మీ చిన్నమ్మ


కోరుట్ల
22 జులై 2002

చిన్నమ్మా,

ఇది చేతికందంగనే గోలీలు ఆపెయ్యి. ఇంక ఒక్కటి కూడా మింగకు.

గీ ఆరేడు నెలలు, మార్చి సంది మూడు నెలలకోపారి, గోలీలు పంపిన గని నాలుగు మాటలు రాయలే. నువ్వూ అలిగినవు, నేనూ మొండికేసిన. ఇయ్యాల గవన్నీ పక్కనపెట్టి చదువు.

అమెరికాల వేల మంది ముట్లుడిగిన ఆడోళ్ల మీద ఇవే తీరు గోలీలతోని ఏండ్ల సంది పరీక్ష చేస్తున్నరు. సగంమందికి నిజమైన గోలీ, సగంమందికి ఉత్త గోలీ. గుండెను ఎంత కాపాడుతదో చూద్దామని మొదలువెట్టిండ్రు. ఈ నెలల మధ్యలనే బంద్ చేసిండ్రు. కాపాడుడు లేదు చిన్నమ్మా. నిజమైన గోలీ వేసుకున్నోళ్లకే గుండెపోట్లు కొన్ని ఎక్కువైనయట. పక్షవాతాలు ఎక్కువ, కాళ్లల్ల నెత్తురు గడ్డకట్టుడు ఎక్కువ, రొమ్ము క్యాన్సర్ ఎక్కువ. ఎముకలు విరుగుడు మాత్రం తగ్గిందట.

పదివేల మందిల ఏడాదికి గుండెపోటు ఏడెనిమిది మందికే ఎక్కువ, చిన్న సంఖ్యనే కద అంటున్నడు మీ అల్లుడు. నాకు అంకెలు కనబడ్తలేవు. నువ్వు కనబడుతున్నవు.

ఇంకో మాట దాచలేను. నాలుగేండ్ల కిందనే ఒక పరీక్ష సంగతి చదివిన. గుండెజబ్బు ముందే ఉన్నోళ్లకు ఈ గోలీలు ఏం లాభం చెయ్యలేదని ఉండె. మా చిన్నమ్మకు గుండెజబ్బు లేదు కద అనుకొని ఆ పుస్తకం మూసిన. అమ్మ పోయిన బాధల, ఈసారి నా చేతుల ఒక మందున్నది అన్న ఆశల, నాకు నచ్చింది నమ్మిన. గుండెకు మంచిది అని ఎంతమందికి చెప్పిననో. ఇప్పుడు ఇంటింటికి పోయి ఆపండి, ఒకసారి చూపిచ్చుకోండి అని చెప్తున్న. కొందరు నవ్వుతున్నరు, కొందరు నా ముఖం చూసి భయపడుతున్నరు.

నీకు ఆయాసం గాని, కాలు వాపు గాని, ఛాతిల నొప్పి గాని ఉన్నదా? ఉంటే ఫోన్ చెయ్యి. చిన్నాయన ముంగటనే చెప్పు, సిగ్గు పడకు.

నన్ను క్షమించు అనేతందుకు కూడా నోరు వస్తలేదు.

సుమతి


సిరిసిల్ల
27 జులై 2002

నా బిడ్డా,

నీ ఉత్తరం పట్టుకొని దేవుని అర్రల కూసున్న. నువ్వు ఏడ్వకు. నాకేం కాలే. నేను ఆ గోలీలు రెండు నెలలే వేసుకున్న, అంతే.

నిజం రాస్తున్న. రెండో నెలకు నాకు ముట్టు వచ్చింది. నువ్వు ముందే చెప్పినవు, గని వచ్చినంక నాకు సయించలే. నలభై ఏండ్లు నెలనెల ఒక మూలకు కూసున్నదాన్ని. ఉడిగినంకనే నేను దీపం ముట్టించేదానికి దినాలు లెక్కవెట్టుకునుడు తప్పింది, గుడికి నా ఇష్టమున్ననాడు పోయిన. మళ్లా బయటుండుడా అని పానం ఒప్పలే. మంటనే భరిస్త అనుకున్న. నీకు రాస్తే నొచ్చుకుంటవని రాయలే.

లసుమవ్వకు సుత గవే మంటలు, గుండె దడ. సాంచల కాడ గాలాడదు, కండెలు చుట్టుకుంట చెమటల మునిగేది. మా బిడ్డ డాక్టరమ్మ పంపింది, గుండెకు మస్తు మంచిదట అని ఇచ్చిన. నీ చీటి ప్రకారమే వేయిచ్చిన. పది దినాలల్ల ఆమె ముఖం మారింది. ఏడాది ఆమె పండుకొని నిద్రపోయింది బిడ్డా. అవసరమున్న మనిషి అంటే గామెనే. నువ్వు గట్ల రాసేసరికి రోషానికి అబద్ధమాడిన.

మొన్న జూన్‌ల దేవదాస్ రావుడు ఆలస్యమైంది, గోలీలు అయిపోయినయి. అప్పుడే ఆమె ఎడమకాలు వాచింది. పిక్క నొప్పన్నది. కూసొని కూసొని పట్టిందనుకున్నం. ఒకనాడు నీళ్లు మోసుకుంట ఛాతి పట్టుకొని గడపల పడ్డది, ఊపిరి అందలే. పరశురాములు జీపు మాట్లాడి కరీంనగర్ తీసుకపోయిండు. పానం పోయి వచ్చింది. కాలు నరంల నెత్తురు గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోయిందని చెప్పిండ్రట. నాకు గదేం సమజ్ కాలే. ఛాతి అంటే గుండెనే కద. గోలీలు ఆగినందుకే గుండె పట్టిందనుకున్న. నీ మీద లోపల కోపం సుత వచ్చింది, యాళ్లకు పంపలేదని.

దవాఖానల డాక్టర్లు అడిగిండ్రట, ఇంతకుముందు ఏం మందులు వాడినవమ్మా అని. ఏం లేవు అన్నదట. ఎందుకన్నవే అంటే, 'మీరు ఎవ్వలకు చెప్పద్దన్నరు కద దొరసాని' అన్నది. నువ్వు నాకు చెప్పిన మాట నేను ఆమెకు చెప్పిన. ఆమె పానం మీదికొచ్చినా తప్పలే.

ఇంకొకటి రాయాలె. ఆమె ఇంటికొచ్చినంక దేవదాస్ గోలీలు తెచ్చిండు. నేను నా చేతులతోని, నీళ్లిచ్చి, మళ్లా వేయిచ్చిన. గుండెకు బలం వస్తది మింగు అని. నిన్నటిదాక.

నేనేం చెయ్యాలె చెప్పు.

నర్మద


కోరుట్ల
29 జులై 2002

చిన్నమ్మా, దేవదాస్ తోని పంపుతున్న, చేతికిస్తడు.

ఒక్క గోలీ ఇయ్యకు. కరీంనగర్ల ఇచ్చిన మందులు మాత్రం ఆపనియ్యకు, నెత్తురు పల్చబడేతందుకు ఇచ్చినవి అవి. పరశురాములును తీసుకొని రేపే ఆ దవాఖానకు పో, ఆమెను చూసిన డాక్టర్‌కు గోలీల పేరు, ఎన్నాళ్లు మింగింది, అన్నీ చెప్పు. ఎవరిచ్చిండ్రంటే నా పేరు, మా ఊరి పేరు చెప్పు. పోలీసోళ్లు అడిగినా చెప్పు.

నేను ఆదివారం వస్తున్న. ఎవరు ఆపినా ఆగ.

సుమతి


కోరుట్ల
14 ఆగస్టు 2002

చిన్నమ్మా,

నేనొచ్చిన ఆదివారం నీ దగ్గర రెండు మాటలు సుత మాట్లాడకుండ బస్సెక్కిన. నీ మీద కోపం అనుకున్నవేమో. కాదు. మాట్లాడితే అక్కడనే ఏడుస్త అని.

లసుమవ్వ బీపీ చూసినప్పుడు నా చెవులను నేను నమ్మలే. రెండుసార్లు చూసిన. చాలా ఎక్కువున్నది. ఎన్నేండ్ల సంది ఉన్నదో ఎవరు ఎప్పుడు చూడలే. బీడీ తాగుతావమ్మా అంటే చేసేటప్పుడు ఒకటి అర అన్నది. ఆమె నా దవాఖానకు వచ్చి ఉంటే ఆ గోలీలు నేను ఇయ్యకపోతుంటి. గదే నన్ను తింటున్నది. చూడకుండ ఇయ్యద్దని నీకు చెప్పలే. గుండెకు మంచిది అని మాత్రం నాలుగుసార్లు చెప్పిన. ఆ మాట నా నోట్ల నుంచి నీ నోట్లకు, నీ నోట్ల నుంచి ఆమె నోట్లకు పోయింది.

గోలీల వల్లనే అయిందా అని పరశురాములు అడిగిండు. తెల్వదు అన్న. గోలీలతోని గడ్డకట్టేది ఎక్కువైతదని మాత్రం నిజం, గోలీ లేకున్నా కొందరికి అయితది అన్న. ఆయన, 'మీకే తెల్వకపోతే మాకెవలు చెప్తరమ్మా' అన్నడు. తిట్టినా నాకు ఇంత బాధ ఉండకపోవు.

ఈ గోలీలు మొత్తానికే విషం అని కూడా నేను అనలేను. నిన్న ఒకామె వచ్చింది, యాభై నిండలే, మంటలతోని పిచ్చి లేస్తుందంటున్నది. అన్ని పరీక్షలు చేసి, మంచీ చెడూ చెప్పి, కొద్దిరోజులకు తక్కువ మోతాదు రాసిన. గుండె మాట ఎత్తలే. రాసిన చీటిని ఇచ్చే ముందు మూడుసార్లు చదువుకున్న. ఆమె చూసింది.

లసుమవ్వకు మందులు దేవదాస్ తెస్తడు. నెల నెల నేనే వచ్చి చూస్త. మీ అల్లుడు ఇగ ఏమంటలేడు.

నువ్వు ఎట్లున్నవు?

సుమతి


సిరిసిల్ల
6 అక్టోబర్ 2002

బిడ్డా సుమతీ,

నువ్వు పోయినసారి వచ్చిపోయినంక లసుమవ్వ జర తేరుకున్నది. వాకిట్లకు నడుస్తున్నది. కాలు వాపు తగ్గింది. ఊపిరి మాత్రం ఇంక ఎగవోస్తది. కరీంనగర్ డాక్టర్ కోపం చేసిండు గని, చెప్పినందుకు మంచైంది, మందు సక్కగ ఇయ్యచ్చు అన్నడు.

పరశురాములు నాతోని మాట్లాడడు. ఎదురైతే పక్కకు జరుగుతడు. దండం మాత్రం పెడుతడు, గదే నాకు ఎక్కువ కొడుతది.

నువ్వు మొదటిపారి వచ్చిపోయిన దినం పొద్దుమీకి నేను వాళ్లింటికి పోయిన. సాంచ బంద్ చేసి ఆయన బయటికి పోయిండు. ఆమె నన్ను ఒక్కటే అడిగింది, 'మీరెందుకు మింగలే దొరసాని?' అని. ముట్టు వచ్చింది, పూజకు అడ్డమైతుందని ఇడిసిపెట్టిన అని చెప్పిన. ఆమె అన్నది, 'నాకు సుత అచ్చింది. నెల నెల అచ్చింది. మీరిచ్చిండ్రని మింగిన.'

బిడ్డా, ఆమె పోచమ్మకు నైవేద్యం చేసుడు ఏడాది మానుకున్నదట. నేను ఒక్క మాట అడుగలే, నీకెట్లున్నదని. ఊర్ల ఉన్నప్పుడు సుత మేము గంతే. మాకు వద్దన్న చీరెలు, మిగిలిన కూర, పాత గిన్నెలు పనోళ్లకు ఇచ్చి పుణ్యం అనుకునేది. ఈ గోలీలు గట్లనే ఇచ్చిన. నాకు పనికిరానిది ఆమెకు మేలు చేస్తదని ఎట్ల అనుకున్ననో. ప్రేమతోనే ఇచ్చిన, గది నిజం. ప్రేమ ఉన్నదని అడుగుడు మరిచిన.

ఆమె ఇగ కండెలు చుడుతలేదు. డాక్టర్ కూసొని ఉండద్దన్నడు. పొద్దుగాల పోయి నేను చుడుతున్న. మీ చిన్నాయన మొదటి దినం, నువ్వా, సాలోళ్లింట్లనా అన్నడు. అన్నం మూత పెట్టిపోయిన, తినమని చెప్పి. దారం నాకు సక్కగ పడదు, తెగుతది. ఆమె గోడకు ఒరిగి చూసి, ఇటియ్యుండ్రి అని గుంజుకొని ముడి వేసి ఇస్తది. కోపం ఉన్నదో లేదో నాకు ఎర్క లేదు. రావద్దని మాత్రం అనలే.

నిన్న పెసరపప్పు చారు తీసుకపోయిన. గిన్నె అందుకోకుంట అడిగింది, 'దీన్ల ఏమేసిండ్రు? ఉప్పు ఎంతేసిండ్రు? మీరు సుత తిన్నరా?' అని. బీపీకి ఉప్పు తక్కువ అని నువ్వు చెప్పినవు కద, అన్ని చెప్పిన, తిన్ననని సుత చెప్పిన. గప్పుడు చెయ్యి సాపింది. ఇప్పుడు ఏమిచ్చినా గిట్లనే అడుగుతది. ఇయ్యాల మంచినీళ్లకు సుత, ఎక్కడియి అని అడిగింది. నేను కూసొని చెప్తున్న.

నీ చిన్నమ్మ
నర్మద